మాస్ అనే ఆసామి

బిర్సానగర్, జంషెడ్‌పూర్
18 ఫిబ్రవరి 2025

చి. పద్మకు,

చెవులు తప్ప తక్కినవన్నీ సక్రమంగా పనిచేస్తున్న నీ మేనమామ కూర్మారావు ఆశీర్వదించి రాస్తున్నది.

మీ అత్తయ్య నీతో ఫోన్లో పూటంతా మాట్లాడుతుంది. ఏమందే పిల్ల అని అడిగితే, ‘బాగుందట’ అని ఒక చెయ్యి ఊపి వంటింట్లోకి పోతుంది. అంచేత నా సంగతులు నేనే రాసుకోవాలి. రోలింగ్ మిల్లు నా చెవులు తినేసింది గాని చేతులు వదిలేసింది.

నిన్న మన తెలుగు సంఘం మీటింగు జరిగింది. సెక్రటరీ ఎవరనుకున్నావు? నీతో చదివిన హరికిరణ్. గమ్హరియాలో లేబరు కాంట్రాక్టులు చేస్తున్నాడు. నల్లకళ్ళద్దాలు కళ్ళకి కాకుండా నెత్తికి పెట్టుకుంటాడు. బహుశా చూపు అక్కడుందేమో. ఉగాది వార్షికోత్సవం గురించి లేచి, “అంకుల్, ఈసారి పూరా మాస్ ప్రోగ్రాం పెడదాం. మాస్‌కి పద్యాలెక్కవు. మాస్‌కి స్టెప్పులు కావాలి, డీజే కావాలి” అన్నాడు. వినపడకపోయినా నాకు పెదాలు చదవడం వచ్చునని నీకు తెలుసుగా. ఆ మాట అన్నప్పుడల్లా అతని పెదాలు అరిసె కొరుకుతున్నట్టు కదులుతాయి.

“ఎవరయ్యా ఈ మాస్ అనే ఆసామి? ఏ వీధిలో ఉంటాడు? సంఘం చందా కట్టాడా?” అని అడిగాను. అందరూ నవ్వారు. నవ్వు కూడా నాకు కనిపిస్తుంది, వినిపించకపోతేనేం!

చివరికి తేల్చింది ఇదీ. నా ‘కొలిమి’ నాటకానికి అరగంట ఇస్తారట. జనం లేచిపోతే వచ్చే ఏటినుంచి సంఘంలో నాటకమనేదే ఉండదు, ఆ టైమంతా డీజేకి. మీసం మొలవకముందు నుంచి ఈ ఊళ్ళో తెలుగు నాటకం ఆడిస్తున్నవాణ్ణి, నాకు ఆఖరి పరీక్ష పెట్టాడు ఈ నెత్తికళ్ళవాడు.

నీకు గుర్తుందిగా మన పద్ధతి, ప్రతి వేషానికీ ఇద్దరు. ఎవరి షిఫ్టు ఎప్పుడు పడుతుందో దేవుడికి కూడా తెలీదు కాబట్టి పగటి డ్యూటీ కమ్మరి ఒకడు, రాత్రి డ్యూటీ కమ్మరి ఒకడు. ఈసారి కమ్మరి వేషం తవిటయ్యకీ దేముడికీ ఇచ్చాను. ఇద్దరూ కాంట్రాక్టు కూలీలే, గొంతులు మాత్రం కంచు. రాజు వేషం కట్టే సౌరభ్‌కి తెలుగు అక్షరాలు రావు. పద్యాలన్నీ హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. ఆ వెధవ పద్యం చదువుతుంటే రాజు పాట్నా నుంచి దిగినట్టుంటుంది. అయినా చదువుతున్నాడు, అది చాలు.

నిరుడు ఏం జరిగిందో నీకు చెప్పలేదు. కుర్రకారు నోట్లో వేళ్ళు పెట్టుకుని ఈలలు వేసి, కాగితం రాకెట్లు విసిరి మమ్మల్ని స్టేజీ దింపేశారు. హార్మోనియం సత్యప్రసాద్ ఆ రాత్రి అన్నం తినలేదు. అదేనట మాస్.

నువ్వు హైదరాబాదులో సినిమా పోస్టర్లకి మాటలు రాసే ఉద్యోగం చేస్తున్నావు. ఊర మాస్, పక్కా మాస్, మాస్ జాతర అంటూ జీతం పుచ్చుకుంటున్నావు. చెప్పు తల్లీ, మాస్ అంటే ఎవరు? ఒక్కడినైనా నువ్వు కళ్ళారా చూశావా?

ఇట్లు,
చందా సకాలంలో కట్టిన
మామయ్య

*

హైదరాబాదు
27 ఫిబ్రవరి 2025

మామయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. పక్క సీటు పిల్ల, “మీ అంకుల్ మాస్ అండీ” అంది. ఇక్కడ ఆ మాటకి హద్దూ అదుపూ లేదు. టీ చిక్కగా ఉంటే మాస్ టీ. మేనేజరు మీద అరిచినవాడు మాస్. నువ్వు చందా సంగతి అడిగావు చూడు, అదీ మాసే.

మా మీటింగుల్లో మాత్రం వేరే అర్థముంది, అది విను. ఏసీ గదిలో పదిమంది కూర్చుంటారు. ఒకడు ఒక సీన్ చెబుతాడు. హీరో నడుస్తాడు, దుమ్ము లేస్తుంది, తలుపు విరుగుతుంది. ఎందుకు విరిగింది, తలుపేం పాపం చేసింది అని నేనడుగుతాను. “నీకర్థం కాదు, ఇది మాస్‌కి” అంటారు. మీకు నచ్చిందా అని అడిగితే ఒక్కడూ ‘నాకు నచ్చింది’ అనడు. అందరూ పక్క ఊరివాడి నోట్లో పెడతారు ఆ ముద్ద. ఆరేళ్ళుగా వింటున్నాను మామయ్యా, మాస్ అంటే ఎవరో తేలిపోయింది. మాస్ అంటే ఆ గదిలో లేనివాళ్ళు.

నువ్వు నవ్వుకుంటున్నావు కదూ, మాకు బాగా పడిందని. కానీ నువ్వూ మా గదిలో మనిషివే. ‘కుర్రకారు’ అంటావు, ‘వెధవ’ అంటావు. ఎదురుగా కూర్చున్నవాళ్ళని నువ్వు ఎప్పుడు సరిగ్గా చూశావు? తెర తాడు పట్టుకుని పక్కన నిలబడతావు, నీ కళ్ళు ఎప్పుడూ వేషగాళ్ళ కాళ్ళమీదే ఉంటాయి, తప్పడుగు వేస్తారేమోనని. చిన్నప్పుడు నీ నాటకంలో దివిటీ పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. నాకు తెలుసు.

హరికిరణ్ నాకు ఫోన్ చేశాడు, సంఘం పోస్టరుకి మాటలు రాసిపెట్టమని. రాస్తానన్నాను. కోప్పడకు.

అత్తయ్యకి మోకాళ్ళ నూనె పంపిస్తున్నాను.

నీ దివిటీ పిల్ల,
పద్మ

*

బిర్సానగర్
16 మార్చి 2025

పద్మకు,

ఆశీస్సులు ఈసారికి వాయిదా వేశాను.

మొన్న పసుపు, బెల్లం కొనడానికి జుగ్సలాయి వెళ్ళాను. కిరాణా కొట్టు గోడమీద మన పోస్టరు వేలాడుతోంది. నెత్తిన కళ్ళద్దాలతో హరికిరణ్ ఫోటో, దానికింద చింతకాయలంత అక్షరాలు.

‘కొలిమి! ఇంటిల్లిపాదికీ ఊర మాస్ నాటకం! ఇనుము కాల్చినోడి కోపం చూడండి!’

కొట్టువాడు పోస్టరు చూసి, నన్ను చూసి, బొటనవేలు పైకెత్తాడు. సిగ్గుతో చచ్చాను. బెల్లం కొనడం కూడా మరిచి వచ్చేశాను. మీ అత్తయ్య, “బెల్లం లేకుండా ఉగాది పచ్చడి నీ తలకాయతో సెయ్యాలా ఏటి?” అంది. ఆవిడ తిట్టేటప్పుడు పెదాలు చాలా స్పష్టంగా కదుపుతుంది.

ఆ నాటకం ఏమిటో తెలిసి రాశావా? రాజు కమ్మరిని పిలిచి, నీ కొడుకు నన్ను ఎదిరించాడు, వాడికి సంకెళ్ళు నువ్వే చెయ్యి అంటాడు. కమ్మరి కొలిమి ముందు కూర్చుని కొలిమితో మాట్లాడతాడు. ఇన్నాళ్ళూ నీకు వేసింది బొగ్గు కాదే, నా ఆయుష్షు, ఈ ఒక్క పూట నామాట విని ఆరిపో అని వేడుకుంటాడు. ఆ పద్యం నేను రాసింది మిల్లు మానిన ఏడాది, ఇక నా చెవులు రావని డాక్టరు తేల్చిన వారం. దానిమీద ఊర మాస్ అని రాశావు. పసుపు కుంకం పెట్టే చోట సున్నం కొట్టావు.

సకుటుంబంగా రండి, సపరివారంగా రండి అని మా రోజుల్లో రిక్షామీద మైకు పెట్టి పిలిచేవారు. ఆ పిలుపులో వచ్చేవాడికి మర్యాద ఉంది. నీ మాటలో ఈల తప్ప ఏమీ లేదు. పాతికేళ్ళు నా ఇంట్లో పెరిగి, నా దగ్గర అక్షరాలు దిద్దుకుని, ఆ అక్షరాలతోనే నన్ను హరికిరణ్ సంతలో అమ్మావు.

మామయ్య

*

హైదరాబాదు
22 మార్చి 2025

మామయ్యా,

నమస్కారం నేను వాయిదా వెయ్యను. నీ అంత గొప్పదాన్ని కాను.

సంకెళ్ళు చెయ్యమన్న రాజుని కాదన్నవాడు ఊర మాస్ కాకపోతే మరెవడు మామయ్యా? తలుపులు విరగ్గొట్టే ఆ బొమ్మలకి రాసి రాసి నా చేతికి బూజు పట్టింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ మాట తగినవాడికి రాశాను. నువ్వది తిట్టనుకున్నావు, ఎందుకంటే ఆ మాట ఎవరి నోట ఉంటుందో వాళ్ళంటే నీకు చులకన. మా ఆఫీసువాళ్ళకి ఉన్నంత చులకన, అణా తక్కువ లేదు. తేడా ఒక్కటే. వాళ్ళు ఆ జనానికి చెత్త పెట్టి డబ్బు చేసుకుంటున్నారు, నువ్వు మంచిది వండుకుని తలుపేసుకుంటున్నావు.

అరగంటలో జనం లేచిపోతే నాటకం పోతుంది. కూర్చోవాలంటే ముందు రావాలిగా? అందుకే రాశాను. అమ్మానంటావు. అమ్మితే ఇంత చవగ్గా అమ్ముతానా?

స్పీకర్ల కూతకి నీ చెవి మిషను కీచుమంటుంది, నాటకమప్పుడు తీసి జేబులో వేసుకో.

పద్మ

*

బిర్సానగర్
31 మార్చి 2025

పద్మకు,

సంతోషించు. నీ మాస్ వచ్చాడు.

హాలు నిండిపోయింది. గోడల పక్కన, మెట్ల మీద, కిటికీల్లో కూడా జనమే. ఇంతకాలంలో నా నాటకానికి అంతమంది వచ్చి ఎరుగను. తెర తాడు పట్టుకుని చూస్తే నాకే ఆశ పుట్టింది. సిగ్గులేని ఆశ. మిషను జేబులో వేసుకున్నాను, నువ్వన్నట్టే.

తవిటయ్య కొలిమి పద్యం ఎత్తుకున్నాడు. నాకు వినపడదుగాని వాడి మెడ నరాలు చూసి ఏ పాదంలో ఉన్నాడో చెప్పగలను. ఆఖరి పాదం ముగిసింది. వాడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అప్పుడు కనిపించారు నీ ఆసాములు. వెనక వరసలో ఒకడు కుర్చీ ఎక్కాడు. నోట్లో వేళ్ళు. వాడి పక్కన ఇంకొకడు. తర్వాత వరసలకి వరసలు లేచి, చేతులు విసురుతూ, నోళ్ళు తెరిచి అరుస్తున్నారు. ముసలివాళ్ళు కూడా! నిరుడు నలుగురు చేసిన పని ఈ ఏడు హాలంతా చేసింది. తవిటయ్య పాపం చేతులు దించకుండా కొయ్యబారి నావైపు చూస్తున్నాడు. వాణ్ణి ఇంకా అలా నిలబెట్టి కొట్టించనా? తాడు వదిలేశాను. తెర పడింది. నాటకం సగంలో ఉంది, పడింది.

వెనక తలుపునుంచి ఇంటికొచ్చేశాను. మీ అత్తయ్య వచ్చి ఏదో చేతులూపింది, బుగ్గలు పట్టుకుని తనవైపు తిప్పుకోవాలని చూసింది. ఓదార్పు చూసే ఓపిక లేక కళ్ళు మూసుకున్నాను. చెవిటివాడికి ఉన్న ఒకే ఒక్క సుఖమది. పొద్దున్న తవిటయ్య, దేముడు వస్తే గడియ వేసుకున్నాను.

హరికిరణ్ గెలిచాడు. నువ్వూ గెలిచావు. జనాన్ని రప్పించావు కదా! రమ్మంటే వచ్చి, ఉమ్మేసి పోయారు. ఇక కొలిమి ఆరిపోయింది.

కూర్మారావు

*

హైదరాబాదు
8 ఏప్రిల్ 2025

మామయ్యా,

కళ్ళు మూసుకోకుండా చదువు. నువ్వు మూర్ఖుడివి. మేనమామని అనకూడని మాట అన్నాను, అది నువ్వు సంపాదించుకున్నదే.

అత్తయ్య నాకు వీడియో పంపింది. నీకు చూపిస్తే ఫోన్ విసిరేశావట. వీడియోలో ఏముందో నేను రాస్తాను, కాగితమైతే విసరవు.

ఆఖరి పాదం అయింది. తర్వాత వెనకనుంచి ఒక ముసలి గొంతు, “ఒన్సుమోరు!” అంది. వెంటనే హాలంతా ‘వన్స్ మోర్’. కుర్రాళ్ళు ‘ఫిర్ సే, ఫిర్ సే’ అని అరుస్తున్నారు. ఈలలు నిజమే, వేశారు. ఎవరో, “పద్దెం మల్లీ ఎత్తరా తవిటీ, మా అయ్య ఇలాగే పోనాడ్రా!” అని ఏడుస్తున్నాడు. తవిటయ్య చేతులు చాపి కొయ్యబారింది భయంతో కాదు. మళ్ళీ పాడమంటావేమోనని నీ సైగ కోసం చూస్తున్నాడు. నువ్వు తాడు వదిలావు. తెర పడ్డాక ఆ జనం ఎంతసేపు కూర్చున్నారో తెలుసా? డీజే మొదలుపెడితే హరికిరణ్ మీద కాగితం రాకెట్లు పడ్డాయి.

పద్యానికి వన్స్ మోర్ అంటారని నాకు చిన్నప్పుడు చెప్పింది నువ్వే. పర్లాకిమిడిలో, ఇచ్ఛాపురంలో రాత్రంతా ఒకే పద్యం పాడించిన కథలు చెప్పేవాడివి. నీ నాటకానికి ఎవరూ ఎప్పుడూ అనలేదు, అందుకని అంటే ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అంతమంది ముఖాలు చూసి తిట్టే అనుకున్నావు చూడు, దాన్ని మాత్రం క్షమించలేను. ఆ ముఖాలు ఎవరివి మామయ్యా? నీ మిల్లువాళ్ళవి. కొలిమి ముందు ఆయుష్షు కాల్చినవాళ్ళవి. మా ఆఫీసువాళ్ళు గదిలో లేనివాళ్ళని మాస్ అంటారు. నువ్వు గదిలో ఉన్నవాళ్ళని కూడా చూడలేదు.

నేను ఓదారుస్తున్నానని అనుకుంటావు. గడియ తీసి తవిటయ్యని అడుగు.

పద్మ

*

బిర్సానగర్
21 ఏప్రిల్ 2025

చి. పద్మకు,

వాయిదా పడ్డ ఆశీస్సులు వడ్డీతో సహా పంపిస్తున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడోనాడు గడియ తీశాను. గుమ్మంలో తవిటయ్య. ఎంతకాలంగా వస్తూ పోతున్నాడో! నేను పెదాలు చూడగలిగేట్టు నా ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు. “ఏటి గురువుగోరూ, నాను పద్దెం మల్లీ ఎత్తుకుందారని మీ సెయ్యికేసి సూత్తుంటే తెర దించేసినారు. నా బతుకులో ఒకపాలి ఒన్సుమోరు వచ్చింది, అదీ మీరు తినేసినారు” అన్నాడు. వాడు కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

జుగ్సలాయి వెళ్ళాను బెల్లానికి. పండగ వెళ్ళిపోయిందిగాని మీ అత్తయ్య సాధింపు వెళ్ళలేదు. కొట్టువాడు నన్ను ఆపి, సంకెళ్ళు చేశాడా లేదా అని రెండు మణికట్లూ కలిపి చూపించి అడిగాడు. బస్సులో కండక్టరు అడిగాడు. తెలుగు రానివాడు, వాడికెవరు చెప్పారో! ఊరంతా సగం నాటకాన్ని మోసుకు తిరుగుతోంది పద్మా. చివరికి హరికిరణే వచ్చాడు, కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని. “అంకుల్, పబ్లిక్ నన్ను బతకనివ్వట్లేదు. సండే గ్రౌండ్‌లో పెట్టేద్దాం” అన్నాడు. మాస్‌కి పద్యాలెక్కవన్నావుగా అని అడిగాను. నేల చూశాడు. వాడి నడినెత్తిన కళ్ళద్దాల ముద్ర పడి ఉంది, నాకు చాలా ఆనందం వేసింది.

నిన్న ఆదివారం బిర్సానగర్ గ్రౌండులో ఆడాం. జనం సంగతి రాయను, గొప్పలంటావు. ఈసారి ఒక ఏర్పాటు చేసుకున్నాను. మిల్లులో మోతకి మాట వినపడదుగా, అక్కడ అన్నీ చేతి సైగలే. చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పితే ‘ఇంకోసారి’ అని. మీ అత్తయ్యకి అది నేర్పి ముందు వరసలో కూర్చోబెట్టాను. వన్స్ మోర్ వినిపిస్తే చెయ్యి తిప్పవే, లేకపోతే తిప్పకు, నామీద జాలిపడి మాత్రం తిప్పకు అని ఒట్టు వేయించుకున్నాను.

తవిటయ్య పాడాడు. ఆఖరి పాదం అయింది, చేతులు చాపాడు. నేను తాడు పట్టుకుని మీ అత్తయ్య బంగారమ్మ చేతివైపు చూశాను. చెయ్యి లేవలేదు.

పద్మా, ఆ కాసేపట్లో నేను ఏమైపోయానో నీకు రాయలేను. అంటే పిల్ల ఓదార్చిందన్నమాట, తవిటయ్య కూడా ఓదార్చాడన్నమాట అనుకున్నాను. తాడు వదలబోయాను. పోనీ ఆవిడ మొహమైనా చూద్దామని చెయ్యిమీంచి కళ్ళు పైకెత్తాను.

ఆవిడ చేతులు ఖాళీ లేవు. రెండు చేతుల వేళ్ళూ నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరీల్లా ఉబ్బించి, కళ్ళనీళ్ళు కారుతుండగా, మీ అత్తయ్య ఈల వేస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి ఈల వచ్చునని నాకు తెలీదు!

ఆవిడ వెనక చూశాను. మిల్లువాళ్ళు, ఉన్నవాళ్ళూ మానేసినవాళ్ళూ, నాకు వినపడదని తెలిసినవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే చేతులు పైకెత్తి గుండ్రంగా తిప్పుతున్నారు. గ్రౌండు చివరిదాకా అవే చేతులు. అంత మోత నేను జన్మలో చూడలేదు.

తాడు తీసుకెళ్ళి గుంజకి ముడివేసేశాను.

తవిటయ్య మళ్ళీ పాడాడు. మళ్ళీ అడిగారు. ఈలోగా దేముడు డ్యూటీ దిగి, హెల్మెట్టు కూడా తియ్యకుండా వచ్చి స్టేజీ ఎక్కేశాడు. ఇద్దరు కమ్మరులూ పక్కపక్కన నిలబడి పాడారు. ఎవడూ తప్పు పట్టలేదు. సౌరభ్ రాజుగారు సింహాసనం దిగి వచ్చి వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాడు, అది నాటకంలో లేదు. వెధవ.

ఇంటికొచ్చాక అడిగాను, ఎక్కడ నేర్చావే ఆ విద్య అని. “పెళ్ళికి ముందు మేకలు కాసినాను కదా, ఈలెయ్యకపోతే మేకలొత్తాయా?” అంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు వెయ్యలేదంటే, “నువ్వు తిడతావని” అంది. చాలా స్పష్టంగా అంది.

నేను అడిగిన ఆసామి ఏ వీధిలో ఉంటాడో తెలిసింది. నా అన్నం ఆయనే వండుతోంది.

వచ్చే ఏటి పోస్టరు నువ్వే రాయి. ఆ మాట ఉండనీ. అక్షరాలు మాత్రం చింతకాయలంత వద్దు, చిక్కుడుకాయలంత చాలు. హరికిరణ్ ఫోటో తీసెయ్యి.

మీ అత్తయ్య పక్కనే కూర్చుని ఏమి రాశావని అడుగుతోంది. ‘బాగుందట’ అని చెయ్యి ఊపాను.

నీ
ఊర మామయ్య